మేలుకో తంగెడుపూడి

తంగెడుపూడి నగరపాలక సంస్థలో పారిశుద్ధ్య విభాగం సూపరింటెండెంటు ముప్పాళ్ళ కోటిలింగానికి చుట్ట అలవాటు లేదు. పేకముక్కల్లో ఇస్పేటు ఏదో ఆఠీను ఏదో తెలీదు. పరుల సొమ్ముకి ఆశపడ్డాడన్న మాట శత్రువులు కూడా అనరు. ఆయనకున్నది ఒకే ఒక వ్యసనం. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చడం.

నడుం వాల్చడమంటే కుర్చీలో కూర్చుని జోగడం అనుకునేరు. దానికో పద్ధతుంది. ఒంటిగంట కొట్టగానే స్కూటరు మీద ఇంటికి చేరాలి. కాళ్ళు కడుక్కోవాలి. భోజనం గడ్డపెరుగుతో ముగియాలి. కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడిక మీద చెంబుడు నీళ్ళు చల్లాలి. అప్పుడు ఫ్యాను కింద, చల్లటి గచ్చు మీద తుంగచాప పరుచుకుని, మోచెయ్యి తలకింద పెట్టుకుని ఎడంపక్కకి ఒత్తిగిలితే, ఆవలింత సగంలో ఉండగానే గురక అందుకునేది. పక్కన ఇంకో చాప మీద భార్య సామ్రాజ్యం. ఆవిడ మెలకువగా ఉన్నంతసేపూ నోరు గల మనిషి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఏ తగువూ లేకుండా నిక్షేపంగా గడిచే వేళ అదొక్కటే. లేచి, కాఫీ తాగి, మళ్ళీ ఆఫీసుకి బయల్దేరుతుంటే కోటిలింగానికి లోకంలో అందరూ మంచివాళ్ళే అనిపించేది. చివరికి ఆడిట్ వాళ్ళు కూడా.

ఆ మాటకొస్తే ఊరు ఊరంతా అంతే. తంగెడుపూడి అటు పట్నమూ కాదు, ఇటు పల్లెటూరూ కాదు. చుట్టుపక్కల మిరప పండించే పల్లెలన్నిటికీ బజారు అదే. రైతులు పొద్దున్నే చల్లటి పూట వచ్చి బేరాలు చేసుకుని పోతారు. మిగిలినవాళ్ళు సాయంత్రం వస్తారు. మధ్యలో రోళ్ళు పగిలే ఎండ. అందుకని ఒంటిగంటకి కొట్ల షట్టర్లు సగానికి దిగేవి, నాలుగింటికి లేచేవి. తాతల నాటి నుంచీ ఇదే వరస. దీనివల్ల ఎవరికీ నష్టం వచ్చినట్టు ఎవరూ ఎరగరు.

ఎరిగించడానికి కమిషనర్ ప్రద్యుమ్న గారు వచ్చారు.

ఆయన చిన్నవయసువాడు, చురుకైనవాడు, పైపెచ్చు నిజాయితీపరుడు. ఇన్ని గుణాలు ఒకే మనిషిలో ఉంటే ఊరికి ప్రమాదమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజుల్లోనే మధ్యతరహా నగరాలన్నీ తమ ఆర్థిక భవిష్యత్తును తామే నిర్మించుకోవాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. ఒక నగరం తనని తాను విద్యారాజధాని అనుకుంది, పక్క నగరం ఆరోగ్యరాజధాని అనుకుంది. తంగెడుపూడి ఏ రాజధానో తేల్చడానికి హైదరాబాదు నుంచి నిఖిలేశ్ అనే సలహాదారుణ్ణి పిలిపించారు. మెడలో తాడుకి కార్డు వేలాడేసుకుని, ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి.

సమావేశం మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. అదే ఒక దుశ్శకునం. కోటిలింగం వెనక వరసలో కూర్చున్నాడు.

నిఖిలేశ్ తెర మీద రెండు బొమ్మలు చూపించాడు. మొదటిది ఎక్కడో పెద్ద నగరంలో మధ్యాహ్నం రెండు గంటల దృశ్యం. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పరిగెడుతున్నారు. రెండోది అదే సమయానికి తంగెడుపూడి పెద్ద బజారు. మస్తాన్ వలీ గారి బట్టల కొట్టు ముందు ఒక కుక్క నాలుగు కాళ్ళూ చాపుకుని నిద్రపోతోంది. ఇంకే ప్రాణీ లేదు.

"ఈ కుక్కను గమనించండి. ఇది మీ నగర ఆర్థిక వ్యవస్థ" అన్నాడు నిఖిలేశ్.

అందరూ కుక్కను గమనించారు.

"అభివృద్ధి చెందిన నగరాలు నిద్రపోవు. ఇది అంతర్జాతీయంగా నిరూపితమైన సత్యం. తద్వారా, నిద్రపోని నగరాలు అభివృద్ధి చెందుతాయని మనం నిర్ధారణకు రావచ్చు."

కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "నేటి నుంచి మన దార్శనికత ఒక్కటే. మేలుకో తంగెడుపూడి. మధ్యాహ్న నిద్రను సమూలంగా, దశలవారీగా, ప్రజాభాగస్వామ్యంతో నిర్మూలిద్దాం. ఈ బృహత్తర బాధ్యతను స్వచ్ఛందంగా స్వీకరించగల అధికారి ఎవరైనా ఉన్నారా?"

వెనక వరసలో కోటిలింగం తల అప్పటికి చాలాసేపటి నుంచీ ముందుకి వాలుతూ లేస్తూ ఉంది. సరిగ్గా ఆ ప్రశ్న దగ్గర బాగా కిందికి వాలింది. హాలంతా చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లకి ఉలిక్కిపడి లేచి, ఎవరికో సన్మానం జరుగుతోందనుకుని ఆయనా చప్పట్లు కొట్టాడు.

అట్లా ఆయన జాగృతి విభాగానికి ప్రత్యేకాధికారి అయ్యాడు.

"జనాన్ని పడుకోనీకుండా చూడటమా మీ ఉద్యోగం?" అంది సామ్రాజ్యం ఆ సాయంత్రం. "దానికి జీతమిస్తారా?"

"జీతం పాతదేనే. హోదా పెరిగింది."

"ఆ హోదా తెచ్చి గచ్చు మీద పరవండి. నిద్ర ఎట్టా పట్టుద్దో చూద్దాం."

కాదనడానికి కోటిలింగానికి ధైర్యం చాలలేదు. ఇంకా కొంచెం సర్వీసు మిగిలి ఉంది. ఇవాళ కాదంటే రేపు ఎక్కడ పడేస్తారో తెలీదు. కొత్త దొరగారి ముచ్చట పది రోజులుంటుంది, ఆ తరవాత ఎవరి చాప వాళ్ళదే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

పది రోజుల్లో సర్దుకోలేదు. చెత్త బండ్లకి మైకులు కట్టి మధ్యాహ్నం పూట వీధి వీధికీ మేలుకొలుపులు వినిపించారు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్లన్నీ బార్లా తెరిచి ఉంచాలన్నారు. తలుపులు వేసుకున్న ఇళ్ళ ముందు తప్పెట కొట్టారు. అయినా జనం లోపల నిద్రపోతున్నారేమోనన్న అనుమానం కమిషనర్ గారికి తీరలేదు. సాక్ష్యం ఎట్లా అన్నది సమస్య. నిద్రపోయినవాడు లేచి తలుపు తీసి నేను నిద్రపోలేదంటే ఏ చట్టం ఏం చెయ్యగలదు?

దానికి నిఖిలేశ్ ఉపాయం కనిపెట్టాడు. చాప మీద పడుకుని లేచిన మనిషి చెంప మీద చాప అచ్చు పడుతుంది. అది కాసేపటిదాకా పోదు. కనక తనిఖీ దళాలు ఇంటింటికీ వెళ్ళి చెంపలు పరీక్షించాలి. గీతలుంటే జరిమానా.

మర్నాటి నుంచి జనం చాప మీద దుప్పటి పరుచుకున్నారు. దుప్పటి ముడతలు కూడా అచ్చుకిందే జమ అని సవరణ వచ్చింది. జనం గోడకి ఆనుకుని కూర్చుని పడుకోవడం మొదలుపెట్టారు. కూర్చున్నవాళ్ళలో నిద్రపోయేదెవరో ఆలోచించేదెవరో తేల్చడానికి నిపుణుల సంఘం వేశారు. మెడ ఎంత వాలితే ఆలోచన, ఎంత వాలితే నిద్ర అన్నది ఆ సంఘం నిర్ణయించింది. కొలవడానికి దళాలకి చెక్క కోణమానినులు ఇచ్చారు. చంటిపిల్లలకి మినహాయింపు ఉంది గానీ డాక్టరు చేత చంటిపిల్లే అని రాయించుకు రావాలి. గుళ్ళో కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేవాళ్ళు పెదాలు కదుపుతూ ఉండాలి.

ఒకరోజు మస్తాన్ వలీ గారు కోటిలింగాన్ని కొట్లోకి పిలిచి మజ్జిగ ఇచ్చాడు. కొట్టు బార్లా తెరిచి ఉంది. పనివాళ్ళు నలుగురూ కళ్ళు తెరుచుకుని, శిక్ష పడ్డవాళ్ళలాగా నిలబడి ఉన్నారు. బయట వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు.

"సూపర్నెంటు గారూ, నా బేరం పొద్దున, సాయంత్రం. ఈ ఎండలో చీర కొనటానికి ఎవరొస్తారండీ? దయ్యాలొస్తయ్. కరెంటు కాలటం తప్ప ఒరిగిందేందో చెప్పండి."

"మీరన్నది నిజమే. కొట్టు తెరవమన్నారు గానీ కొనేవాళ్ళ సంగతి ఉత్తర్వుల్లో లేదు. పైకి చెబుతా."

చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. కొందరి మంచితనం ఊరి మీదకి అట్లా వస్తుంది.

కమిషనర్ గారు చాలా సంతోషించారు. "ఇది విలువైన క్షేత్రస్థాయి సమాచారం. సరఫరా ఉంది, గిరాకీ లేదు. గిరాకీని మనం సృజించాలి" అన్నారు. వారం తిరక్కుండా కొనుగోలు విధి అమల్లోకి వచ్చింది. వార్డుల వారీగా జనం వంతులేసుకుని మధ్యాహ్నం బజారుకి వచ్చి ఏదో ఒకటి కొనాలి. వార్డుల్లో సగం మందికి వడదెబ్బ తగిలాక, ముందుగా కొట్ల వాళ్ళే ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుని ఆదర్శంగా నిలవాలని దాన్ని సడలించారు.

అప్పటి నుంచి మస్తాన్ వలీ కొట్లోని ఒక వంగపండు రంగు గద్వాల చీర ప్రయాణం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న ఇత్తడి సామాన్ల కొట్టాయన దాన్ని కొన్నాడు. మర్నాడు బియ్యం కొట్టాయన ఆయన దగ్గర కొన్నాడు. బియ్యం కొట్టాయన మందుల షాపుకి, మందుల షాపాయన చెప్పుల షాపుకి అమ్మారు. వారాంతానికి అది తిరిగి మస్తాన్ వలీ దగ్గరికి వచ్చేది. ఒక్క ఆడమనిషి ఒంటి మీదకి ఎక్కకుండానే ఆ చీర ఊరి వ్యాపారాన్ని మూడింతలు చేసింది. నిఖిలేశ్ గీసిన గీత తెర మీద నిటారుగా పైకి పోయింది.

ఇటు కోటిలింగం పరిస్థితి వేరుగా ఉంది. ఆయన కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. ఫైలు చదువుతుంటే అక్షరాలు చీమల్లాగా పాకేవి. ముప్ఫై ఏళ్ళలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అటెండరు మీద అరిచాడు, చెత్త బండి డ్రైవరు మీద అరిచాడు, పార్కులో విగ్రహం మీద కూడా అరిచాడంటారు. రాత్రి పడుకుందామంటే ఉక్క, దోమలు, దానికి తోడు మర్నాటి మధ్యాహ్నం గురించిన భయం. బజార్లో తలుపు చాటు నుంచి గురక వినిపిస్తే ఆయనకి కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఆ నిద్ర తనది కాకపోయెనే అని.

పులి మీద పుట్రలాగా ఒకరోజు తనిఖీ దళం ఆయన సొంత వీధికే వచ్చింది. నాయకుడు ఆయనే. మిగిలిన ఇళ్ళు చూసి తన ఇల్లు వదిలేస్తే జనం ఊరుకోరు. తలుపు కొట్టాడు. సామ్రాజ్యం వచ్చి తీసింది. ఎడం చెంప మీద తుంగచాప పోగు పోగునా అచ్చు దిగి ఉంది.

దళంలో వాళ్ళు అటువైపు తిరిగి గోడ మీద సున్నం చూస్తూ నిలబడ్డారు.

"పడుకున్నావా?" అన్నాడు కోటిలింగం.

"పడుకున్నా. మీ చాప కూడా నా చాప పక్కనే వేసుకుని పడుకున్నా. రాసుకోండి."

రాసుకున్నాడు. జరిమానా ఆయన జీతంలోంచే పోయింది. ఆ రాత్రి ఆవిడ అన్నం వడ్డించింది గానీ పెరుగు వడ్డించలేదు. మాట్లాడనూ లేదు. నోరు గల మనిషి మాట్లాడకపోతే ఇల్లు ఎంత పెద్దదైపోతుందో కోటిలింగానికి అప్పుడే తెలిసింది.

ఇంతలో పెట్టుబడుల వేట మొదలైంది. నిద్రపోని నగరానికి తరలి రండి అని దేశంలో ఉన్న కంపెనీలన్నిటికీ ఆహ్వానాలు వెళ్ళాయి. జవాబు ఒక్క చోటి నుంచే వచ్చింది. కోయంబత్తూరు నుంచి అళగిరిస్వామి నాయుడు గారనే పారిశ్రామికవేత్త వచ్చి స్థలం చూస్తామన్నారు. ఆయనది పరుపుల ఫ్యాక్టరీ.

"సార్, మనం నిద్ర నిషేధించాం గదా. పరుపుల కంపెనీ అంటే..." అని నసిగాడు కోటిలింగం.

"వైరుధ్యం ఏమీ లేదు" అన్నారు కమిషనర్ గారు. "ఉత్పత్తి ఇక్కడ, వినియోగం ఇతర ప్రాంతాల్లో. మనం మేలుకుని దేశాన్ని నిద్రపుచ్చుతాం."

నాయుడు గారు వచ్చారు. తెల్లటి పంచె, నుదుటన సన్నటి నామం, డెబ్భై దాటిన మనిషి. పూర్వీకులు ఎప్పుడో తెలుగునేల నుంచి వలస వెళ్ళినవాళ్ళు కావడంతో తెలుగు బాగానే మాట్లాడతారు. భోజనం అతిథిగృహంలో ఏర్పాటు చేశారు. ముద్దపప్పు, కొత్తావకాయ, గోంగూర, దోసకాయ పచ్చడి, మజ్జిగపులుసు, చివర కత్తితో కోస్తే గానీ తెగని గేదె పెరుగు. నాయుడు గారు మొహమాటపడలేదు. ఆ తరవాత ఆయన్ని చల్లటి గదిలోకి తీసుకెళ్ళి, మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, లైట్లు ఆర్పి, నిఖిలేశ్ చేత ఆర్థిక వ్యవస్థ గురించి మాట్లాడించారు.

ఇంకేం కావాలి? ఏనుగు కూడా పడుకునేది.

గురక వినిపించగానే నిఖిలేశ్ ఆగిపోయాడు. గదిలో ఉన్న అధికారులందరూ కోటిలింగం వైపు చూశారు. నగర పరిధిలో ఎంతటివారినైనా ఉపేక్షించరాదన్నది నిబంధన. నిద్రపోయినవారిని లేపి జరిమానా రాయవలసింది ఆయనే. లేపితే ఫ్యాక్టరీ పోతుంది. లేపకపోతే నిబంధన పోతుంది. కోటిలింగం కోణమానిని పట్టుకుని సోఫా దాకా వెళ్ళి నిలబడ్డాడు. దగ్గరినుంచి చూశాడు. నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లాడిలా ఉన్నాడు పెద్దాయన. ఆ మొహం మీద ఉన్న హాయి చూసి కోటిలింగం కోణమానిని కిందికి దించాడు.

"నేను లేపను సార్. నా ఉద్యోగం తీసేసినా లేపను" అన్నాడు.

 కమిషనర్ గారి బుర్ర చురుకైనదని ముందే చెప్పుకున్నాం. "లేపనవసరం లేదు" అన్నారు గుసగుసగా. "వారు నిద్రపోవడం లేదు. తమ ఉత్పత్తి నాణ్యతను పరీక్షిస్తున్నారు. అందరూ నిశ్శబ్దంగా సహకరించండి."

అందరూ సహకరించారు. చీకటి గది, చల్లటి గాలి, కడుపు నిండా పప్పన్నం. ముందు ఇంజనీరు గారి తల వాలింది. తరవాత ఆరోగ్యాధికారిది. నిఖిలేశ్ మొదటిసారి కూర్చున్నాడు, కూర్చుని పడుకున్నాడు. కమిషనర్ గారు బల్ల మీద రెండు చేతులూ చాపి, వాటి మధ్య తల పెట్టుకున్నారు. కోటిలింగం గుమ్మం పక్కన గచ్చు మీద ఎడంపక్కకి ఒత్తిగిలాడు. ఎన్నో వారాల బాకీ ఆ ఒక్క మధ్యాహ్నం తీరింది.

అందరికంటే ముందు నాయుడు గారే లేచారు. చుట్టూ పడి ఉన్న పాలకవర్గాన్ని చాలాసేపు చూశారు. అందరూ తడబడుతూ లేచాక నెమ్మదిగా అన్నారు. "పరుపులు అమ్మేది నేను, పండుకునేది లోకం. నాకు పగలు నిద్ర వచ్చి ఎన్ని ఏండ్లో అయిందండి. మీ ఊళ్ళో ఏమో ఉంది. ఆ నీళ్ళో, ఆ పెరుగో, తెలీదు. ఫ్యాక్టరీ సంగతి తరవాత. మీ నిద్రకి నేను పేరు పెట్టి అమ్ముతాను."

వారం లోపల కొత్త ఉత్తర్వు వచ్చింది. నిఖిలేశ్ మళ్ళీ తెర దించి పాత బొమ్మే చూపించాడు. "ఈ కుక్కను గమనించండి. ఇది మీ నగర ఆర్థిక వ్యవస్థ" అన్నాడు. ఈసారి గొంతులో భక్తి ఉంది. తంగెడుపూడి దేశానికి నిద్రారాజధాని అయింది. ఒంటిగంట నుంచి నాలుగు దాకా నిద్ర తప్పనిసరి. అదీ కంపెనీ పరుపుల మీదే. తుంగచాపలు నగర ప్రతిష్ఠకి భంగం కనక స్వాధీనం చేసుకోవాలి. చాప మీద పడుకుంటే అది అనధికార నిద్ర. నిద్రలో నైపుణ్య శిక్షణకి కేంద్రం తెరిచారు. గురకలకి మూడు శ్రేణులు పెట్టారు.

పొరుగూళ్ళ నుంచి జనం నిద్రపోయే ఊరిని చూడటానికి మధ్యాహ్నం బస్సుల్లో దిగసాగారు. ఎండలో తిరిగి తిరిగి, ఏదైనా కొనుక్కుందామని కొట్ల ముందు నిలబడేవారు. కొట్లన్నీ చట్టప్రకారం మూసి ఉండేవి. మస్తాన్ వలీ గారు కొట్లో పరుపు మీద పడుకుని, షట్టరు సందులోంచి ఆ గిరాకీ అంతా చూస్తూ కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. తెరిస్తే జరిమానా.

ఇక కోటిలింగం. ఊళ్ళోకెల్లా సహజమైన నిద్ర ఎవరిదని ఆరా తీస్తే అందరూ ఆయన పేరే చెప్పారు. మునిసిపల్ పార్కులో నాలుగువైపులా అద్దాలు బిగించిన గది కట్టించి, మధ్యలో మూరెడు మందం పరుపు వేసి, ఆయన్ని నమూనా నిద్రాధికారిగా నియమించారు. టిక్కెట్టు కొన్నవాళ్ళు అద్దం అవతల వరసలో నిలబడి చూడవచ్చు.

మొదటిరోజు కోటిలింగం ఉత్సాహంగానే వెళ్ళాడు. పోగొట్టుకున్నది జీతంతో సహా తిరిగొచ్చిందనుకున్నాడు. పరుపు మీద పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎన్నేళ్ళుగానో చెప్పకుండా వచ్చే నిద్ర, పిలిచి పీట వేస్తే రాలేదు. అద్దం అవతల ఎవరో దగ్గారు. ఎవరో "అదుగో కదిలాడు" అన్నారు. పరుపు మెత్తదనం మింగేసేటట్టుంది. మూడు గంటలు కళ్ళు మూసుకుని ఎప్పుడెప్పుడు నాలుగవుతుందా అని పడుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. దొంగ గురక పెట్టడం నేర్చుకున్నాడు. నిద్ర నిషేధించిన రోజుల్లో కనీసం నిద్ర వచ్చేది, పోనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు అందరూ పొమ్మంటున్నారు, అది రావడం లేదు.

"నిద్ర పట్టడం లేదు సార్" అని కమిషనర్ గారితో చెప్పుకున్నాడు.

"పట్టకపోతే ఎలా? అది మీ విధి."

"ప్రయత్నం చేస్తూనే ఉన్నాను సార్."

"ఆ ప్రయత్నం కనిపిస్తోంది కోటిలింగం గారూ. అదే సమస్య."

ఇంటికొస్తే తాళం వేసి ఉంది. మొన్న పడుకున్నందుకు జరిమానా వేసినవాళ్ళు, ఇవాళ చాప మీద పడుకున్నందుకు చాపే పట్టుకుపోవడానికి వచ్చారట. సామ్రాజ్యం వాళ్ళకి చాప ఇవ్వలేదు. దాన్ని చుట్టి చంకన పెట్టుకుని, జొన్నలపాలెంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. పక్కింటావిడకి తాళంచెవి ఇచ్చి, "ఈ ఊళ్ళో ఆడమనిషి ఎట్టా పడుకోవాలో తేల్చుకున్నాక కబురు పెట్టమని చెప్పు ఆయనకి" అందట.

కోటిలింగం ఆ రాత్రి తనే వండుకుని తిన్నాడు. పెరుగు ఉంది. తినబుద్ధి కాలేదు.

మర్నాడు పార్కుకి నాలుగు నగరాల మేయర్లు వచ్చారు. కమిషనర్ గారు స్వయంగా వెంట ఉండి, అద్దం వైపు చెయ్యి చాపి వివరిస్తున్నారు. "ఇది మన నేల ప్రత్యేకత. కృత్రిమత్వం ఏమాత్రం లేని సహజ నిద్ర." లోపల కోటిలింగం మూడో శ్రేణి గురక పెడుతున్నాడు. అప్పుడొక ఈగ వచ్చి ఆయన ముక్కు మీద వాలింది. గురక ఆపకుండా ఓర్చుకున్నాడు. ఈగ ముక్కు దిగి పెదవి మీదకి వచ్చింది. ఎంత నమూనా నిద్రాధికారైనా, మనిషి వచ్చింది పారిశుద్ధ్య విభాగం నుంచి. చెయ్యి దానంతటదే లేచింది. దెబ్బకి ఈగ చచ్చింది. కళ్ళు తెరిచి, చచ్చిందా లేదా అని చూసుకున్నాడు కూడా.

అద్దం అవతల మేయర్లు నలుగురూ పగలబడి నవ్వారు. టిక్కెట్టు కొన్న జనం డబ్బు వాపసివ్వమన్నారు.

మరుసటి రోజు మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు చేతికొచ్చింది. విధి నిర్వహణ సమయంలో ఉద్దేశపూర్వకంగా మెలకువగా ఉండి సంస్థ ప్రతిష్ఠకు, నగర ఆర్థిక భవిష్యత్తుకు తీరని నష్టం కలిగించినందున శ్రీ ముప్పాళ్ళ కోటిలింగాన్ని సస్పెండు చేయడమైనది.

ముప్ఫై ఏళ్ళుగా ఇట్లాంటి కాగితం రాకూడదని ఎన్నిటికో తలవంచిన మనిషి. దాన్ని చదివి జేబులో పెట్టుకుని, గుండె దడదడలాడుతుందేమోనని కాసేపు ఆగి చూశాడు. ఆడలేదు. పార్కు బయటికొచ్చి, జొన్నలపాలెం మీదుగా పోయే పల్లెబస్సు ఆగి ఉంటే ఎక్కాడు. బస్సులో ఎరువు బస్తాలు, కోడిపెట్టల గంప, మిరపకోతకి పోయొచ్చే ఆడవాళ్ళు. కిటికీ పక్కన సీటు రేకు కాలిపోతోంది. పక్కన కూర్చున్న రైతు, వానల గురించో ధరల గురించో ఏదో మొదలుపెట్టాడు. కోటిలింగం "ఊ" అన్నాడు. నగర పరిధి బోర్డు దాటేసరికి రెండోసారి ఊ అనలేదు.

తల రైతు భుజం మీదకి వాలింది. రైతు కాస్త సర్దుకుని కూర్చున్నాడు.

జొన్నలపాలెం సెంటర్లో బస్సాగింది. సామ్రాజ్యం చెల్లెలికి మందులు కొనడానికి వచ్చి అక్కడే నిలబడి ఉంది. కిటికీలోంచి మొగుణ్ణి చూసింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. బస్సు ఇంజను చప్పుడుని మించి గురక వినిపిస్తోంది. ఏ శ్రేణిలోకీ రాని పాత గురక.

కండక్టరు దిగి వచ్చాడు. "మీ ఆయనేనా అమ్మా? టిక్కెట్టు ఇక్కడికే తీశాడు. లేపమంటారా?"

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎందాక పోద్ది నాయనా ఈ బస్సు?"

"క్వారీ దాకా పోయి, ఇట్టనే తిరిగొస్తదమ్మా."

"అయితే వచ్చేటప్పుడు దించు."